తేమగాలి ఊరిలో అమృతా షేర్-గిల్ బొమ్మకు ఫ్రేము

అమృతా షేర్-గిల్ 1935లో గీసిన ‘ముగ్గురు అమ్మాయిలు’ చిత్రం అచ్చుప్రతికి గత మే నెలలో విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లోని ఒక చిన్న దుకాణంలో ఫ్రేము కట్టించాను. మా ఇల్లు లాసన్స్ బే కాలనీలో సముద్రానికి దగ్గర కావడంతో గోడకు తగిలించిన కాగితం త్వరగా పాడవుతుంది. ఇంతకు ముందు వేరొకచోట ఇదే బొమ్మను ప్లైవుడ్‌కు జిగురుతో అతికించి, దాని మీదనే అద్దం ఆనించి బిగించారు; ఒక్క వానాకాలానికే అది అద్దానికి అంటుకుపోయి, ఊడదీయబోతే రంగుతో సహా లేచి వచ్చింది.

ఈసారి దుకాణం పెద్దాయన బొమ్మను బల్లమీద పరచి, ‘ఎవరు గీశారండీ?’ అని అడిగారు. 1913లో బుడాపెస్ట్‌లో సిక్కు తండ్రికీ హంగరీ తల్లికీ పుట్టిన ఆమె, పారిస్‌లో చిత్రకళ నేర్చి, 1934 చివర మన దేశానికి తిరిగివచ్చి ఇక్కడి మనుషులనే గీయాలని పూనుకున్నారనీ, 1941 డిసెంబరులో 28 ఏళ్లకే లాహోరులో కన్నుమూశారనీ చెప్పాను. ఆయన ఆ ముగ్గురి వాలిన చూపులకేసి కాసేపు చూసి, నేను ఎంచిన బంగారు పూత చట్రాన్ని పక్కన పెట్టి, సన్నని టేకు పట్టీని బొమ్మ అంచుకు ఆనించి చూపించారు. ఆయన మాటే సరైనది. ఏ ఆర్భాటమూ లేని నేపథ్యం ముందు మౌనంగా కూర్చున్న ఆ అమ్మాయిల దిగులే ఈ చిత్రానికి ప్రాణం. 1937లో బొంబాయి ఆర్ట్ సొసైటీ స్వర్ణపతకం పొందిన ఈ బొమ్మ చుట్టూ మెరుపు ఉంటే ఆ దిగులు కంటికి ఆనదు.

పనితనం గురించి వివరంగా చెప్పాలి. ఆమ్లం లేని మౌంటు బోర్డును, అంటే బొమ్మ చుట్టూ అంచులా ఉంచే మందపాటి అట్టను, నాలుగు వైపులా రెండంగుళాలు వదిలి కోశారు. దానివల్ల అద్దానికీ కాగితానికీ మధ్య ఎడం ఉంటుంది. బొమ్మను పై అంచున మాత్రమే రెండు కాగితపు పట్టీలతో వేలాడదీశారు కనుక తేమకు కాగితం సాగినా ముడతపడదు. వెనుక కింది మూలల్లో బెండు ముక్కలు అతికించి, గోడకూ ఫ్రేముకూ మధ్య గాలి ఆడే వీలు కల్పించారు. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుందని ఇత్తడి కొక్కేలు వేశారు.

నాలుగు రోజులన్న పనికి తొమ్మిది రోజులు పట్టింది, రెండుసార్లు ఊరికే తిరిగాను. ధర 1,450 రూపాయలు. వానలు వెళ్లాక అద్దం తీయించి చూస్తే ఎక్కడా బూజు చుక్క లేదు కనుక ఆ ధర ఎక్కువనిపించలేదు. దక్షిణాది పర్యటన తరువాత 1937లో ఆమె గీసిన, సంతకు వెళ్తున్న పల్లెజనం చిత్రం ప్రతి నా దగ్గర చుట్టి ఉంది. దాన్నీ ఆయనకే ఇస్తున్నాను.