మనాలీలో 4x4 థార్ అద్దెకి తీసుకునేవాళ్ళు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

మన తెలుగు ట్రావెల్ గ్రూపుల్లో హిమాచల్‌లోని స్పితి లోయ, చంద్రతాల్ సరస్సు ఫోటోలు పెట్టి 'సెల్ఫ్ డ్రైవ్ థార్ కావాలంటే మెసేజ్ చేయండి అన్నా' అంటూ తిరిగే మనిషి మీలో చాలామందికి తెలిసే ఉంటాడు. పేరు రాయను, రాయకపోయినా తెలిసినవాళ్ళకి అర్థమవుతుంది. అతను 4x4 అని, అంటే నాలుగు చక్రాలకీ ఇంజను పవర్ వెళ్ళే బండి అని చెప్పి మాకిచ్చిన మహీంద్రా థార్ జీపుకి, ముందు చక్రాలకి పవర్ తీసుకెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్టే (తిరిగే ఇనుప కడ్డీ) లేదు. విప్పేసి ఉంది. ఆ సంగతి అతనికి ముందే తెలుసు. తెలిసి తెలిసి మమ్మల్ని స్పితికి వెళ్ళే బాతల్ దారిలోకి పంపించాడు. నిన్న రాత్రే మనాలీకి తిరిగొచ్చాం, కోపం ఇంకా చల్లారలేదు, రాసేది అటూ ఇటూ పోతే సర్దుకుని చదవండి.

మా ప్లాన్ ఏంటంటే, చండీగఢ్‌లో ఉద్యోగం చేసే ఫ్రెండ్‌కి సొంత జిమ్నీ (మారుతి వాళ్ళ చిన్న ఫోర్ బై ఫోర్) ఉంది, మిగతావాళ్ళం హైదరాబాద్ నుంచి వెళ్ళి మనాలీలో ఒక థార్ తీసుకుని, రెండు బళ్ళలో గ్రాంఫు, ఛత్రు, బాతల్, కుంజుమ్ లా అనే కనుమ మీదుగా స్పితిలోని కాజా చేరాలి. రోజుకి 6,500 అద్దె, 20,000 డిపాజిట్, అంతా ముందే కట్టించుకున్నాడు. బుక్ చేసేటప్పుడే రూటు మొత్తం చెప్పి, ఫోర్ బై ఫోర్ లేకపోతే మాకు బండే వద్దని చాట్‌లో రాశాం. 'పక్కా ఫోర్ బై ఫోర్ అన్నా, గ్యారంటీ నాది' అని జవాబిచ్చాడు. ఆ చాట్ నా ఫోన్‌లో భద్రంగా ఉంది.

ఉదయం ఆరింటికి ఇస్తానన్న బండి పదిన్నరకి వచ్చింది. వైట్ నంబర్ ప్లేటు, అంటే అద్దెకి తిప్పకూడని ప్రైవేట్ బండి. పోలీసులు ఆపితే ఫ్రెండ్ బండి అని చెప్పండన్నాడు తెచ్చిన కుర్రాడు. అక్కడే మాకు నచ్చలేదు, అతనికి ఫోన్ చేసి అడిగాం కూడా. ఇక్కడంతా ఇంతే అన్నా, ఏం కాదు అన్నాడు. డబ్బంతా అతని దగ్గరే ఉంది, జిమ్నీ రెడీగా నిలబడి ఉంది, బయల్దేరాం.

ఆ దారి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. అటల్ టన్నెల్ దాటి కోక్సర్ మీదుగా గ్రాంఫు వెళ్ళేదాకా తారు రోడ్డే. గ్రాంఫు నుంచి బాతల్ దాకా దాదాపు 50 కిలోమీటర్లు మాత్రం చాలాచోట్ల రోడ్డు అనడానికే లేదు, చంద్రా నది పక్కన బండరాళ్ళ మీదే నడపాలి. మధ్యలో కొండల మీంచి దిగే నాలాలు దారికి అడ్డంగా పారుతుంటాయి. పైన హిమానీనదాలు ఉన్నాయి, ఎండ ఎక్కేకొద్దీ మంచు కరిగి నీళ్ళు పెరుగుతాయి. పొద్దున్నే చీలమండ లోతు ఉన్న నాలా మధ్యాహ్నానికి మోకాళ్ళు దాటి, రాళ్ళని కూడా దొర్లించుకొస్తుంది. అందుకే తెలిసినవాళ్ళంతా తెల్లవారకముందే మనాలీ వదులుతారు. మాకు ఆరింటి బండి కావాలని పట్టుబట్టింది ఇందుకే. అతను చేసిన నాలుగున్నర గంటల ఆలస్యం మమ్మల్ని సరిగ్గా నీళ్ళు పొంగే వేళకి నాలాల దగ్గర నిలబెట్టింది.

ఛత్రు దాటాక ఒక పెద్ద నాలా. ముందు ఒకడు దిగి కర్రతో లోతు చూశాడు. థార్ 650 మిల్లీమీటర్ల లోతు నీళ్ళు దాటగలదని కంపెనీ చెబుతుంది, ఇక్కడ అంత లోతు లేదు. జిమ్నీ తేలిగ్గానే దాటేసింది. మేం బండి ఆపి, చిన్న లీవర్‌ని 'ఫోర్ లో' (నాలుగు చక్రాలకీ పవర్, తక్కువ గేరు) స్థానానికి వేసి, డాష్‌బోర్డు మీద లైటు వెలిగిందాకా ఆగి, నిదానంగా దిగాం. సగం దూరం వెళ్ళాక ముందు చక్రం ఒక బండకి తగిలి ఆగింది. ఇలాంటప్పుడు ముందు చక్రాలు పట్టు దొరికించుకుని బండిని పైకి లాగాలి, ఫోర్ బై ఫోర్ ఉన్నది అందుకే. మా బండి లేవలేదు. వెనక చక్రాలు ఉన్నచోటే తిరిగి తిరిగి గులకరాళ్ళలోకి దిగబడిపోయాయి. అవతలి ఒడ్డు నుంచి జిమ్నీ వాడు గొంతు చించుకుని అరిచాడు, 'ముందు చక్రాలు తిరగట్లేదు రా! అస్సలు తిరగట్లేదు!'

లైటు వెలుగుతోంది, లీవర్ 'ఫోర్ లో'లోనే ఉంది, ఇంజను మోత పెడుతోంది, చక్రాలు మాత్రం కదలవు. నీళ్ళు తలుపు సందుల్లోంచి లోపలికి వస్తున్నాయి. వెనక సీట్లో ఉన్న మావాడికి ఈత రాదు. నది వైపు నేల వాలుగా ఉంది, ప్రవాహం తోస్తున్నకొద్దీ బండి వెనక భాగం కొద్దికొద్దిగా అటు జరుగుతోంది. చేతులు పట్టుకుని ఒకరి వెనక ఒకరం ఆ నీళ్ళలోంచి ఒడ్డుకి నడిచాం, కాళ్ళు తిమ్మిరెక్కి స్పర్శ పోయింది. ఆ కాసేపు పడ్డ టెన్షన్ రాయడం నా వల్ల కాదు.

జిమ్నీకి తాడు కట్టి లాగితే రాలేదు. దాని బరువే 1,200 కిలోలు, రాళ్ళ మీద దాని చక్రాలే జారిపోయాయి. చివరికి రోడ్డు పని చేసే టిప్పర్ ఒకటి వచ్చింది, డ్రైవరు దిగి నడుం లోతు నీళ్ళలో నిలబడి ఇనుప తాడు తగిలించి లాగాడు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. ఆయనకి మేం జన్మంతా రుణపడి ఉంటాం.

పాక్కుంటూ బాతల్ చేరేసరికి చీకటి పడింది. అందరూ చాచా చాచీ ధాబా అని పిలిచే చోటే ఆగాం. అక్కడ టీ తాగుతున్న ఒక లారీ డ్రైవరు మా కథ విని, టార్చ్ పట్టుకుని బండి కిందకి దూరి, రమ్మని మమ్మల్ని పిలిచి చూపించాడు. గేర్‌బాక్స్ వెనక ట్రాన్స్‌ఫర్ కేస్ అని పవర్‌ని ముందుకీ వెనక్కీ పంచే పెట్టె ఉంటుంది, అక్కడి నుంచి వెనక యాక్సిల్‌కి (చక్రాల ఇరుసుకి) ఒక షాఫ్ట్, ముందు యాక్సిల్‌కి ఒక షాఫ్ట్ వెళ్ళాలి. వెనకది ఉంది. ముందుది ఉండాల్సిన చోట ఖాళీ. విరిగిపోయింది కాదు, బోల్టులు శుభ్రంగా విప్పి తీసేశారు. అందుకే లీవర్ పడుతుంది, లైటు వెలుగుతుంది, పవర్ మాత్రం ముందుకి చేరదు. అలాంటి బండితో 4,500 మీటర్ల పైన ఉండే కుంజుమ్ ఎక్కే ధైర్యం ఎవరికీ లేకపోయింది. తెల్లారకముందే, నాలాల్లో నీళ్ళు తగ్గి ఉన్న వేళ, జిమ్నీని ముందు పెట్టుకుని వెనక్కి తిరిగాం.

గ్రాంఫు దాటినప్పటి నుంచి మా ఎవరి ఫోనుకీ సిగ్నల్ లేదు. తిరిగి కోక్సర్ దగ్గరికి వచ్చాక అతనికి ఫోన్ కలిసింది. 'ఏంటన్నా, బాగా ఎంజాయ్ చేశారా?' అన్నాడు. బండికి ముందు షాఫ్ట్ లేదని చెప్పాను. కాస్త ఆగి, చాలా మామూలుగా, 'ఓ అదా అన్నా, ముందు యాక్సిల్లో సౌండ్ వస్తోందని ఓనరు పోయిన నెల తీయించేశాడు, నాకు చెప్పాడులే. రోడ్డు మీద ఏం తేడా తెలీదు. చాలామంది కస్టమర్లు ఆ లీవర్ ముట్టుకోను కూడా ముట్టుకోరు' అన్నాడు.

నాకు చెప్పాడులే! మేం బాతల్ వెళ్తున్నామని నీకు తెలుసు కదా, చాట్‌లో రాశాం కదా, మరి ఎలా ఇచ్చావు అని అడిగితే, 'మీకు అనుకున్న బండి ఇంకొకళ్ళు ఎక్కువ రోజులకి తీసుకున్నారన్నా, మిమ్మల్ని నిరాశ పెట్టకూడదని ఇది సర్దాను' అన్నాడు. మనుషులు కొట్టుకుపోయేవాళ్ళం అంటే, 'నడపడం రాక ఇరుక్కుని నా మీద వేస్తారేంటన్నా' అని ఫోన్ పెట్టేశాడు. మాట పడటం కొత్త కాదు, డబ్బు పోవడమూ కొత్త కాదు. కానీ మన భాషలో అన్నా అన్నా అని నోరారా పిలుస్తూ, పరాయి ఊళ్ళో మన మనిషి దొరికాడన్న మా నమ్మకం మీదే వ్యాపారం చేస్తూ, పని చేయని బండి అని తెలిసి నలుగురిని నీళ్ళలోకి పంపించి, ఆ తర్వాత నిద్ర ఎలా పడుతుందో నాకు అర్థం కావట్లేదు. ఫోన్ పెట్టేశాక ఒక వాయిస్ మెసేజ్ కూడా పంపాడు, అందులోనూ ఇదే మాట, షాఫ్ట్ లేదని తెలుసు గానీ మీరు నీళ్ళలో దింపకుండా ఉండాల్సింది అని.

మనాలీలో బండి అప్పగిస్తే బంపర్ గీతలని, లోపల నీళ్ళు చేరాయని 14,000 డిపాజిట్ కోసేసుకున్నాడు. బిల్లు అడిగితే లేదు. కంప్లైంట్ ఇస్తామంటే, ప్రైవేట్ బండి అద్దెకి తీసుకున్నది మీరే కదా, మీకే ఇబ్బంది అని బెదిరించాడు. అయినా వదలం. చాట్, పేమెంట్లు, బండి కింద తీసిన వీడియో అన్నీ పెట్టి కంప్లైంట్ రాస్తున్నాం.

మీరు వెళ్ళేటట్లయితే, నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలున్న బండే తీసుకోండి, సెల్ఫ్ డ్రైవ్ అద్దెకి పర్మిట్ ఉన్నవి అవే. వైట్ ప్లేటు బండికి ప్రమాదం జరిగితే, అద్దెకి తిప్పుతున్నారని తేలితే ఇన్సూరెన్స్ వాళ్ళు క్లెయిమ్ తోసిపుచ్చొచ్చు. డబ్బు కట్టక ముందే బండి కిందకి వంగి ముందుకీ వెనక్కీ రెండు షాఫ్టులూ ఉన్నాయో లేదో చూడండి, వీడియో తీసుకోండి. తర్వాత మట్టి నేల మీద 'ఫోర్ హై' (నాలుగు చక్రాలకీ పవర్, మామూలు గేరు)లో వేసి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా చుట్టు తిప్పండి. ఫోర్ బై ఫోర్ నిజంగా పని చేస్తుంటే బండి పట్టేసినట్టు బిగుసుకుంటుంది, హాయిగా తిరిగిపోతే అనుమానించండి.

ఆ బండి ఇవాళ కూడా అద్దెకి తిరుగుతోంది. ఈ వారాంతానికి ఖాళీ ఉందని పొద్దున గ్రూపులో మళ్ళీ ఫోటో పెట్టాడు, ఫోర్ బై ఫోర్ అనే రాశాడు. ఎవరైనా అతని దగ్గర బుక్ చేసుకుని ఉంటే వెంటనే నాకు మెసేజ్ పెట్టండి, బండి కింద తీసిన వీడియో, అతని వాయిస్ మెసేజ్ పంపిస్తాను, వినండి.