నాలుగు జీడి సీజన్లు వాడాక ఈ క్లిప్పు లెన్సు గురించి

మాది పలాస దగ్గర ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి పోయిన జీడి చెట్ల చోట మళ్లీ వేసిన మొక్కలు ఇప్పుడు బాగా పూతకొస్తున్నాయి, నేను పురుగుల ఫొటోలు తీసేది ఎక్కువగా ఆ తోటలోనే. జూమ్ లెన్సు ముందు తగిలించుకునే ఎనిమిది డయాప్టర్ల (డయాప్టరంటే లెన్సు పవర్ కొలత) క్లోజప్ లెన్సు ఇది, రెండు పక్కలా నొక్కి వదిలితే పట్టేసుకుంటుంది. సుమారు ఆరు వేలు పడింది.

నా 55-250 మిల్లీమీటర్ల జూమ్‌ని 250 దగ్గర పెట్టి ఫోకస్ అనంతానికి తిప్పితే పురుగు బొమ్మ కెమెరా సెన్సారు మీద దాని అసలు సైజుకి రెండింతలు పడుతుంది, అంటే 11 మిల్లీమీటర్ల వెడల్పున్న చోటు మొత్తం ఫ్రేముని నింపేస్తుంది. జూమ్ ఎటు తిప్పినా పురుగుకీ లెన్సుకీ మధ్య దూరం మాత్రం 12 సెంటీమీటర్ల చిల్లరే. ఈ ఒక్క గుణం కోసమే దీన్ని ఇన్నాళ్లు వదల్లేదు, ఎందుకంటే ఒకచోట కుదురుకున్నాక ముందుకీ వెనక్కీ జరిగి పురుగుని బెదరగొట్టక్కర్లేదు, గంటసేపు దాని పని అది చేసుకుంటుంది.

ఆకులు కలిపి గూడు కట్టే ఎర్ర చీమల్ని అలాగే చూశాను. ఒకదాని నడుము ఒకటి పట్టుకుని గొలుసులా వేలాడుతూ రెండాకుల అంచుల్ని దగ్గరకి లాగుతున్నాయి. ఇంకో చీమ తెల్లటి పిల్లపురుగుని నోట కరుచుకొచ్చి, దాని మూతిని ఈ అంచుకోసారి ఆ అంచుకోసారి ఆనిస్తోంది. పట్టుదారం పిల్లదే, పెద్ద చీమల దగ్గర ఆ దారం ఉండదు. ఆ పిల్ల తన పట్టంతా గూటికే ఇచ్చేసి, తనకంటూ పట్టుకాయ కట్టుకోకుండానే ప్యూపా అవుతుంది. స్క్రీన్ మీద ఆ దారపు పోగు మెరవడం చూసి చాలాసేపు కదల్లేకపోయాను.

"ఏట్రా, చీమలకి ఫొటోలేట్రా?" అని వచ్చిన చిన్నాన్న కూడా కెమెరా వెనక కూర్చుండిపోయాడు. ఈ చీమలు జీడి చిగుళ్ల రసం పీల్చే టీ దోమ అనే పురుగుని వేటాడతాయని ఆయనకి తెలుసు, పనితనం చూడ్డం మాత్రం అదే మొదలు. ఆ చీమలున్న నాలుగు చెట్లకీ మందు కొట్టొద్దన్నాడు.

పెరట్లో చిక్కుడు పాదు మీద పేనుబంక ఈనడం కూడా దీంతోనే దొరికింది. మగదాని అవసరం లేకుండానే, గుడ్డు కాకుండా పిల్లే, వెనక్కాళ్ల వైపు నుంచి బయటికొస్తుంది. పక్కనే చీమ మీసాలతో తట్టి తియ్యటి బొట్టు తాగుతోంది.

ఇక ఇబ్బందులు. లెన్సు రంధ్రం చిన్నది చేసి ఎఫ్11 పెట్టినా స్పష్టంగా వచ్చే మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు, కన్ను వస్తే కాలు రాదు. ఉద్దానం గాలికి జీడాకు ఊగితే ఇరవైకి ఒక్కటి పనికొస్తుంది, అందుకే పొద్దున్న ఏడు లోపే వెళ్తాను. జూమ్ వెనక్కి తెస్తే మూలలు నల్లబడతాయి. వెలుగుని మెత్తబరిచే డిఫ్యూజర్ లేని ఫ్లాషయితే చీమ వీపు మీద తెల్లటి మచ్చ తప్ప ఏమీ మిగలదు, నేను ప్యాకింగ్‌కొచ్చిన తెల్ల ఫోమ్ షీటు రెండు మడతలేసి వాడుతున్నాను. క్లిప్పు స్ప్రింగ్ మూడో ఏట వదులైంది, ఇప్పుడు లెన్సుకి దారం కట్టి మెడలో వేసుకుంటున్నాను. సముద్రపు తేమకి ఫంగస్ పట్టకుండా గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పెట్టి దాస్తాను. చీమలు అద్దం మీద చిమ్మిన యాసిడ్ చుక్కల్ని ఇంటికెళ్లేదాకా ఆగకుండా అక్కడికక్కడే తడిగుడ్డతో తుడిచెయ్యండి.