హుస్సేన్‌సాగర్ గాలిలో ఎనిమిదేళ్లు: ఐఎల్‌సీఏ 6 పడవ తెరచాప అమరికపై నా అనుభవం

ఒకప్పుడు లేజర్ రేడియల్ అని పిలిచిన, ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ ఐఎల్‌సీఏ 6ను నేను ఎనిమిదేళ్లుగా హుస్సేన్‌సాగర్‌లో నడుపుతున్నాను. బ్రూస్ కిర్బీ గీసిన లేజర్ 1971లో మార్కెట్లోకి వచ్చింది. ఆ కుటుంబానికే చెందిన ఈ పడవలో మాస్టును, అంటే తెరచాపను నిలిపే స్తంభాన్ని, పట్టి ఉంచే తీగలు లేవు కనుక, పెద్ద పందెపు పడవల వాళ్లలా గేజీ పెట్టి బిగువు కొలిచే పని ఉండదు. తెరచాపను లోపలికి లాగే, వదిలే తాడు మెయిన్‌షీట్. అది కాక తెరచాప ఆకారాన్ని సరిచేసేవి మూడు తాళ్లే. వాంగ్ బూమును, అంటే తెరచాప అడుగున ఉండే అడ్డ గడను, కిందికి లాగుతుంది, కన్నింగ్‌హామ్ తెరచాప ముందంచును బిగిస్తుంది, అవుట్‌హాల్ అడుగంచును బూము చివరికి లాగుతుంది. మూడే కదా అని మొదటి రెండేళ్లు తేలికగా తీసుకున్నాను. ఆ రెండేళ్లూ పందేల్లో వెనకే మిగిలాను.

అసలు కిటుకంతా వాంగ్‌లోనే ఉంది. గాలికి ఎదురు వెళ్లేటప్పుడు విసురు తగిలితే మెయిన్‌షీట్ వదులుతాం. అప్పుడు వాంగ్ వదులుగా ఉంటే బూము పైకి లేచి, వంగి ఉన్న మాస్టు నిటారవుతుంది, చదునుగా ఉండవలసిన క్షణంలోనే తెరచాప పొట్ట ఉబ్బుతుంది. వాంగ్ బిగిసి ఉంటే బూము పక్కకే కదులుతుంది, మాస్టు వంపు అలాగే నిలుస్తుంది. మెయిన్‌షీట్ కప్పీలు రెండూ తాకేదాకా లాగి, అప్పుడు వాంగ్‌లో మిగిలిన వదులును తీసేయడం నా ప్రారంభ స్థానం. జూలైలో నెక్లెస్ రోడ్డు వైపు భవనాలను దాటుకుని గాలి 15 నాట్లకు మించి విసిరినప్పుడు దాన్ని ఇంకా గట్టిగా బిగించి, కన్నింగ్‌హామ్‌ను కూడా బాగా లాగుతాను. అయితే గాలివాలుకు తిరిగే ముందు వాంగ్ వదలడం మరిచిపోతే బూము కొస నీటిలో తగిలి పడవ బోల్తా కొడుతుంది. ఈ పాఠం నేను ఒకటికి నాలుగుసార్లు నేర్చుకున్నాను.

గాలి పలచగా ఉన్న రోజున కన్నింగ్‌హామ్ పూర్తిగా వదిలేస్తాను, ముందంచు ముడతలు పడినా పట్టించుకోను. ఓ మోస్తరు గాలిలో అడుగంచుకూ బూముకూ మధ్య జానెడు ఖాళీ ఉంచుతాను; దాదాపు గాలే లేనప్పుడు దాన్ని బెత్తెడుకు తగ్గిస్తాను, ఎందుకంటే నెమ్మదైన గాలి లోతైన వంపు వెంట సాగలేక తెరచాపను వదిలిపోతుంది.

లోపాలూ ఉన్నాయి. తెరచాప పాతబడి సాగిన కొద్దీ పొట్ట వెనక్కి జరుగుతుంది, అదే గాలికి కన్నింగ్‌హామ్ మరింత లాగవలసి వస్తుంది. రెండు ముక్కల మాస్టులో అల్యూమినియం పై ముక్క గట్టి గాలుల్లో శాశ్వతంగా వంగిపోవచ్చు. నాది అలా వంగాక కాంపోజిట్ (నారలు, రెసిన్ కలిపి చేసిన) దానికి మారాను. వాడిన పై ముక్క కొనేవారు వంపు ఉందేమో నేలపై దొర్లించి చూసి కొనడం మంచిది. తాళ్లపై సిరాతో పెట్టిన గుర్తులు నీటికీ ఎండకూ వెలిసిపోతాయి కనుక, అవుట్‌హాల్ కొలతకు ఇప్పుడు బూముపైనే రంగు టేపు అంటిస్తున్నాను.