ఎదురెదురు పేజీల బడి: ఆరు నుంచి పది దాకా వాడి చూశాక

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఏ ప్రభుత్వ హైస్కూల్లోనైనా సైన్సు పుస్తకమో లెక్కల పుస్తకమో తెరవండి. ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. ఈ ద్విభాషా పుస్తకాలు 2020–21లో ఒకటి నుంచి ఆరో తరగతి దాకా వచ్చాయి. ఆ తర్వాత ఏడాదికో తరగతి చొప్పున పైకి జరిగాయి. ఆ ఏడాది ఆరో తరగతిలో చేరిన పిల్లలు 2025 మార్చిలో పదో తరగతి పబ్లిక్ పరీక్ష రాశారు. హైస్కూలు మొత్తం ఈ పుస్తకాలతోనే చదివిన మొదటి బ్యాచ్ వాళ్లదే. ఆ ఐదేళ్లూ ఒక బడిలో దగ్గరుండి చూసినవి, ఇంట్లో వాడి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాం. బడి పేరు అక్కర్లేదు. ఇందులోని మంచీ చెడ్డా ఈ తరహా బడులన్నిటిలోనూ కొద్దో గొప్పో కనిపించేవే.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు ఇది మంచి చదువు, కాకపోతే తెలుగు పేజీ క్లాసులో తెరుచుకోవాలి. చాలాచోట్ల తెరుచుకోదు. చేరేముందు "ఇంగ్లిష్ మీడియమా, తెలుగు మీడియమా" అని అడిగి వచ్చేస్తాం. తెలుగు పేజీని ఎప్పుడు, ఎట్లా వాడతారు అని అడిగితేనే అసలు సంగతి బయటపడుతుంది.

లెక్కల దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే లెక్కలకు భాషతో పనేముంది అనుకునేవాళ్లే ఎక్కువ. బీజగణితం మొదటి పాఠంలోనే "ఫైవ్ లెస్ దేన్ ఎక్స్" అని ఉంటుంది. పిల్లలు మాటల వరసలోనే రాసేస్తారు: 5 − ఎక్స్. తప్పు. ఎదురు పేజీలో "ఎక్స్ కన్నా 5 తక్కువ" అని ఉంటుంది. ఆ వరసలో రాస్తే నేరుగా ఎక్స్ − 5 వస్తుంది. తెలుగు వాక్యం లెక్క నడిచే దారిలోనే నడుస్తుంది. అదే ఇంగ్లిష్‌లో మధ్యన ఒక్క "ఈజ్" చేరి "ఫైవ్ ఈజ్ లెస్ దేన్ ఎక్స్" అయితే, అది తీసివేత కాదు, అసమానత. ఈ తేడా ఇంగ్లిష్‌లోనే ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కని పిల్లలకు రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూపితే ఒక పూటలో తేలిపోతుంది. భిన్నాల్లో వ్యవహారం తిరగబడుతుంది. ఇంగ్లిష్‌లో "త్రీ ఫిఫ్త్స్" అంటే పై అంకె ముందు వస్తుంది. తెలుగులో "ఐదింట మూడు వంతులు" అంటే కింది అంకె ముందు వస్తుంది. నోటితో చెప్పి రాయించినప్పుడు 5 పైన, 3 కింద రాసే పిల్లలు ఉంటారు. వాళ్లకు భిన్నాలు రాక కాదు, చెవిన పడిన వరసనే రాశారు. ఇది తెలిసిన టీచరు ఎర్ర ఇంకుతో కొట్టేయరు, రెండు భాషల్లోనూ చదివి వినిపిస్తారు.

సైన్సులో తెలుగు పేజీ ఇంకా ఎక్కువ పనిచేస్తుంది, ఇంకా ఎక్కువ తికమకా పెడుతుంది. మన ఇళ్లలో వేడికి, వేడి ఎంతుందో చెప్పే కొలతకు ఒకటే మాట: ఉడుకు. పుస్తకంలో అవి రెండు: ఉష్ణం, ఉష్ణోగ్రత. తూకం వేసేదంతా ఇంట్లో బరువే, పుస్తకంలో ద్రవ్యరాశి వేరు, భారం వేరు. బండి ఎంత జోరుగా పోతోంది అంటే వేగం అంటాం, పుస్తకంలో దాన్ని వడి అంటారు. వేగం అన్న మాటను దిశ కూడా కలిసినదానికి అట్టిపెట్టారు. తొమ్మిదో తరగతిలో "పని" అనే పాఠం వస్తుంది. నీళ్ల బిందె నెత్తిన పెట్టుకుని కొళాయి దగ్గర అరగంట నిలబడిన మనిషి భౌతికశాస్త్రం లెక్కలో చేసిన పని సున్నా. బిందె కదల్లేదు కాబట్టి. తెలుగులో ఇది చదివినప్పుడు పిల్లలకు కోపం వస్తుంది, వాదనకు దిగుతారు. ఆ వాదన జరిగిన క్లాసులో పాఠం నిలుస్తుంది. ఇంగ్లిష్‌లో "వర్క్ డన్ ఈజ్ జీరో" అని బట్టీ పట్టిన క్లాసులో ఎవరూ వాదించరు, ఎందుకంటే అది తమ పని గురించి అని వాళ్లకు తట్టదు. పదో తరగతిలో విద్యుత్తు పాఠం దగ్గర చిక్కు ఇంకో రకం. "కరెంటు" ఇంటి మాట అయిపోయింది: కరెంటు పోయింది, కరెంటు బిల్లు, కరెంటు స్తంభం. పాఠంలో కరెంటు అంటే తీగలో ప్రవాహం ఒక్కటే. దాన్ని తోసే పొటెన్షియల్ భేదం వేరు, వాడుకున్న శక్తి వేరు. ఈ మూడూ విడదీసి చెప్పకుండా ఓమ్ నియమంలోకి దిగితే సూత్రం వస్తుంది గానీ లెక్క రాదు.

తెలుగు పేజీలో లోపాలు లేవని కాదు. భాష కొన్నిచోట్ల మరీ బరువు. కిరణజన్య సంయోగక్రియ అన్న మాట పలకడానికే కొందరు పిల్లలు వెనకాడతారు, ఫోటోసింథసిస్ వాళ్లకు తేలిక. అట్లాంటి చోట తెలుగు మాటే వాడాలని పట్టుపట్టనక్కర్లేదు. మాటను విడదీసి (కిరణాల వల్ల పుట్టే, కలిపి తయారుచేసే పని) అర్థం ఒకసారి చెబితే చాలు, తర్వాత ఏ పేరైనా పెట్టి పిలవొచ్చు. రెండు పేజీలకూ అక్కడక్కడా పొంతన కుదరదు. అంకె, ప్రమాణం, పటంలో పేరు తేడాగా కనిపిస్తే పిల్లలను తేల్చుకోమనకండి, టీచరుతో సరిచేయించి పెన్సిలుతో దిద్దండి. ఇక బరువు సంగతి: రెండు భాషలు అచ్చేస్తే పుస్తకం లావెక్కుతుంది. సెమిస్టర్ భాగాలుగా విడగొట్టడం వల్ల సంచి తేలికైంది. మొదటి భాగాన్ని మాత్రం పారేయకండి, రెండో భాగంలోని పాఠాలు దాని మీదే నిలబడతాయి.

అసలు చిక్కు క్లాసులో ఉంది. మేం చూసిన వాటిలో అన్నిటికన్నా చెరుపు చేసే పద్ధతి: ఇంగ్లిష్ వాక్యం ఒకటి చదవడం, వెంటనే తెలుగులో చెప్పడం, మళ్లీ ఇంకో వాక్యం. వినడానికి రెండు భాషలూ నేర్పుతున్నట్టే ఉంటుంది. జరిగేది వేరు. తెలుగు ఎట్లాగూ వస్తుందని పిల్లలకు తెలిసిపోయి, ఇంగ్లిష్ వాక్యం నడుస్తున్నంతసేపు చెవులు మూసుకుంటారు. ముక్కలు ముక్కలుగా వచ్చిన తెలుగు కూడా పాఠంగా అతకదు. రెండు నెలలకు రెండూ పోతాయి. బాగా చెప్పే టీచర్లు పీరియడ్‌ను విడగొడతారు. మొదటి పావుగంట పాఠంలోని విషయాన్ని పూర్తిగా తెలుగులో, పిల్లలతో మాట్లాడిస్తూ చెబుతారు. తర్వాత బోర్డు మీద ఎనిమిదో పదో ముఖ్యమైన మాటలు రెండు భాషల్లో రాస్తారు. మిగతా సమయమంతా ఇంగ్లిష్ పేజీ చదివించడం, చిన్న చిన్న జవాబులు ఇంగ్లిష్‌లో చెప్పించడం. అప్పుడు మధ్యలో తెలుగులోకి దూకరు. తెలిసిన సంగతినే ఇంగ్లిష్‌లో వింటున్నారు కాబట్టి పిల్లలు అందుకుంటారు. పై తరగతులకు వెళ్లేకొద్దీ తెలుగు పావుగంట పది నిమిషాలవుతుంది, కానీ పదో తరగతిలో కూడా సున్నా కాకూడదు.

గైడ్లు ఇంకో తలనొప్పి. ఆగస్టు వచ్చేసరికి పిల్లల చేతుల్లో ఒక్క భాషలో అచ్చయిన గైడు కనిపిస్తుంది, పుస్తకం అటకెక్కుతుంది. గైడులో జవాబు ఉంటుంది, ఎదురు పేజీ ఉండదు. కనీసం తొమ్మిదో తరగతి పూర్తయ్యేదాకా గైడు కొనకుండా ఉండగలిగితే మేలు.

ఇంట్లో చేయగలిగింది ఇది, రోజుకు అరగంటకు మించదు. ముందు తెలుగు పేజీ చదవనివ్వండి. పుస్తకం మూయించి, చదివింది సొంత మాటల్లో చెప్పమనండి. చిత్తూరు యాసలో చెప్పినా దిద్దకండి, విషయం సరిగా ఉందా అన్నదొక్కటే చూడండి. తర్వాత ఇంగ్లిష్ పేజీ బయటికి చదవాలి. తెలియని మాట వస్తే డిక్షనరీ దాకా పోనక్కర్లేదు, దాని తెలుగు అదే వరసలో ఎదురు పేజీలో ఉంటుంది, వెతుక్కోమనండి. ఆ వెతుకులాటే సగం చదువు. దొరికిన మాటను విడిగా పెట్టుకున్న 200 పేజీల నోటుబుక్కులో మూడు గళ్లలో రాయాలి: ఇంగ్లిష్ మాట, పుస్తకంలోని తెలుగు మాట, ఇంట్లో మనం అనే మాట. మూడో గడిని వదిలేయకండి. ఉష్ణం, ఉష్ణోగ్రత రెండింటికీ ఎదురుగా "ఉడుకు" అని పడ్డప్పుడే పిల్లలకు తికమక ఎక్కడుందో కనిపిస్తుంది. వారానికి 12 నుంచి 15 మాటలు చాలు, అంతకన్నా ఎక్కువ రాస్తే అది రాత పనవుతుంది. పరీక్షల్లో ప్రశ్న అడిగే మాటలు వేరే పేజీలో: నిర్వచించండి, వివరించండి, భేదాలు రాయండి, కారణాలు తెలపండి, సమర్థించండి. వీటి ఇంగ్లిష్ మాటలు ఎనిమిదో తరగతిలోపు వచ్చేసి ఉండాలి. చదివి ఉండీ మార్కులు పోగొట్టుకునే పిల్లల్లో ఎక్కువమంది ప్రశ్న ఏం చేయమంటోందో తెలియక పోగొట్టుకుంటారు.

జవాబుపత్రంలో భాషలు కలపనివ్వకండి. నోటితో కలిపి మాట్లాడటం వేరు, దానివల్ల నష్టం లేదు. రాతలో ఒక వాక్యం ఇటు, ఒకటి అటు అయితే దిద్దేవాళ్లకు తలాతోకా అందదు. ఏ మీడియంలో రాయబోతున్నారో పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల వివరాలతో బడి పంపే జాబితా) వెళ్లేముందే తేలాలి. ఆ కాగితం మీద మీ పిల్లల పేరుకు ఎదురుగా ఏముందో మీ కళ్లతో చూడండి.

ఇంగ్లిష్ గురించే అందరూ కంగారుపడతారు గానీ, ఈ బడుల్లో నిశ్శబ్దంగా దెబ్బతినేది తెలుగు సబ్జెక్టు. పబ్లిక్ పరీక్షలో అది మొదటి భాష, 100 మార్కులు, గట్టెక్కడానికి 35 రావాలి. హిందీకి 20 వస్తే చాలు. "తెలుగు వచ్చిందే కదా" అని ఆ పీరియడ్‌ను లెక్కల టీచరుకు ఇచ్చేసే అలవాటు చాలా బడుల్లో ఉంది. ఫలితం ఎనిమిదో తరగతిలో బయటపడుతుంది: ఒత్తులు జారిపోతాయి, దీర్ఘాలు ఎగిరిపోతాయి, సొంతంగా పది వరసలు రాయమంటే పెన్ను కదలదు. తెలుగు పేజీ చదవలేని పిల్లలకు ఎదురు పేజీ ఉండీ లాభమేముంది? వారానికి ఒక్కసారి అర పేజీ సొంత తెలుగు రాయించండి, దేని గురించైనా సరే.

ఇంటర్‌కు వెళ్లాక ఏమిటన్నది అందరికీ ఉండే దిగులు. తిరుపతి కాలేజీల్లో ఎంపీసీ, బైపీసీ ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే నడుస్తాయి. రెండు భాషల్లోనూ మాటలు తెలిసిన పిల్లలకు మొదటి రెండు నెలలు రాత వేగం ఒక్కటే ఇబ్బంది పెడుతుంది, విషయం కాదు. పాలిటెక్నిక్‌లో చేరడానికి రాసే పాలిసెట్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్, తెలుగు రెండింటిలోనూ ఉంటుంది, 2 గంటల్లో 120 ప్రశ్నలు. రెండు పేజీల అలవాటు అక్కడ నేరుగా పనికొస్తుంది. నీట్‌కు దరఖాస్తులో తెలుగు ఎంచుకుంటే ఇంగ్లిష్, తెలుగు రెండూ ఉన్న ప్రశ్నపత్రం ఇస్తారు. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్ పాఠమే లెక్క. తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాల్లోనే దొరుకుతుంది కాబట్టి వేరే రాష్ట్రంలో పరీక్ష రాయాలనుకునేవాళ్లు అది ముందే చూసుకోవాలి.

ఈ ఏర్పాటు ఎవరికి సరిపోదో కూడా చెప్పాలి. నగరి, సత్యవేడు, కుప్పం వైపు ఇంట్లో అరవం మాట్లాడే పిల్లలున్నారు, కుప్పంలో కన్నడం వాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఎదురు పేజీ ఆసరా కాదు, మోయాల్సిన ఇంకో భాష. మాటలాడే తెలుగు బాగానే వచ్చినా పుస్తకం తెలుగు వేరు. అట్లాంటి పిల్లలకు నోటుబుక్కులో మూడో గడిలో ఇంటి భాష మాట రాయించండి, ఆరో తరగతి మొదటి సెమిస్టర్ అంతా మార్కులు తక్కువొచ్చినా ఓపిక పట్టండి. దగ్గర్లో తమిళ మాధ్యమం బడి ఉంటే దాన్నీ ఒకసారి చూసి రండి.

బడి చూడ్డానికి వెళ్లినప్పుడు హెడ్‌మాస్టరు గదిలో కూర్చుని వచ్చేయకండి. ఎనిమిదో తరగతి పిల్లలవి రెండు మూడు సైన్సు నోటుబుక్కులు అడిగి తిప్పండి. అన్నిటిలో జవాబులు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటే బోర్డు మీద రాసింది దించుకున్నారన్నమాట. తప్పులుండీ జవాబులు వేర్వేరుగా ఉంటే అది మంచి బడి. స్లిప్ టెస్టు పేపరు చూడండి, తెలుగులో ఒక్క ప్రశ్న కూడా లేకపోతే తెలుగు పేజీ ఆ బడిలో మూసే ఉంది. వీలైతే క్లాసు బయట పది నిమిషాలు నిలబడి, పిల్లలు అనుమానం ఏ భాషలో అడుగుతున్నారో వినండి. తెలుగులో అడిగినవాళ్లకు చీవాట్లు పడే చోట కొన్నాళ్లకు ఎవరూ అడగరు.

చేర్చేటప్పుడు టీసీ, ఆధార్, పుట్టిన తేదీ కాగితం తీసుకెళ్లండి. పేరు మూడింటిలోనూ ఒకే స్పెల్లింగులో ఉందో లేదో, ఇంటిపేరు ముందుందో వెనకుందో ఇంటి దగ్గరే సరిచూసుకోండి. పదో తరగతి సర్టిఫికెట్ దాకా అదే పేరు పాకుతుంది, అప్పుడు మార్చాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి. టీసీలో మీడియం గడి నింపారో లేదో కూడా చూడండి, తొందరలో దాన్ని ఖాళీగా వదిలేస్తారు. చేర్చడం జూన్‌లో బడి తెరిచిన వారంలోనే అయిపోవాలి. ఆరో తరగతి మొదటి వారాల్లోనే బ్రిడ్జ్ పాఠాలు (కింది తరగతిలో చదివినదాన్ని కొత్త పాఠాలతో కలిపేవి) నడుస్తాయి. మామిడి కోతలూ అప్పుడే కాబట్టి తోటల పనికి వెళ్లే ఇళ్ల పిల్లలు సరిగ్గా ఆ రోజులే మానేస్తుంటారు. అట్లా తప్పిపోతే జూలైలో టీచరును కలిసి ఆ వర్క్‌షీట్లు అడిగి తీసుకోండి.