గాల్‌బ్లాడర్ ఆపరేషన్ తర్వాత "గ్యాసే" అంటే నమ్మి ఇంట్లో కూర్చోవద్దండి

మాది చిత్తూరు. మా అక్కకు గాల్‌బ్లాడర్‌లో రాళ్లుంటే తిరుపతిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ల్యాప్రోస్కోపీ చేయించినాం. నాలుగు చిన్న బొక్కలు, మరుసటి రోజే ఇంటికి, అంతా ప్యాకేజీలోనే అన్నారు. నాలుగు చోట్ల రేటు కనుక్కొని తక్కువలో కుదిర్చింది నేనే. అక్క ముందర ఆ మాట ఎత్తడానికి ఇప్పటికీ నోరు రాదు.

ఇంటికొచ్చిన రాత్రి నుంచే కడుపు ఉబ్బరం, కుడి డొక్కలో నొప్పి, రెండు ముద్దలు తింటే వాంతి. ఫోన్ చేస్తే "ఆపరేషన్‌లో పొట్ట ఉబ్బించడానికి ఎక్కించిన గ్యాసేనమ్మా, బాగా నడిపించండి" అన్నారు. ఆ గ్యాస్‌తో ఒకట్రెండు రోజులు భుజం నొప్పి రావడం మామూలే కాబట్టి నమ్మేసినాం. కానీ మామూలు నొప్పయితే రోజురోజుకూ తగ్గాల. అక్కకు పెరిగింది. ఐదో రోజుకు కళ్లు పచ్చబడినాయి, మూత్రం డికాషన్ రంగులో వచ్చింది.

వేరే ఆస్పత్రికి పరిగెత్తినాం. స్కాన్‌లో పొట్ట నిండా పసరు (పిత్తరసం). అక్కడి డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించినాడు. కోయాల్సింది గాల్‌బ్లాడర్ నుంచి వచ్చే సన్న గొట్టం. అదే అనుకొని, కాలేయం నుంచి పేగుకు పసరు తీసుకుపోయే అసలు పిత్తనాళానికి క్లిప్పు వేసి కోసేసినారు. వాపు ఎక్కువుంటే అన్నీ అతుక్కుపోయి పోల్చుకోలేరంట. వెయ్యి ఆపరేషన్లలో మూడు నుంచి ఐదింట ఇట్లా నాళం దెబ్బతింటుందని చెప్పే లెక్క. మేం సంతకం పెట్టిన ఫారంలో ఇదీ ఉండే ఉంటుంది, చదివిందెవరు!

చిన్న లీకయితే నోటి గుండా ట్యూబు పంపి, ఈఆర్‌సీపీ అనే పద్ధతిలో నాళంలో స్టెంట్ (సన్న గొట్టం) పెడితే సరిపోతుందంట. మాది పూర్తిగా తెగింది. రెండు నెలలు పసరు బయటికి పోయే సంచి పక్కన తగిలించుకొని తిరిగినాక, పేగును పైకి తెచ్చి నాళానికి కలిపి కుట్టినారు.

అందుకే ముందే అడగండి: "క్రిటికల్ వ్యూ ఆఫ్ సేఫ్టీ చూసుకొనే కోస్తారా?" గాల్‌బ్లాడర్‌లోకి పోయేవి ఒక గొట్టం, ఒక రక్తనాళం, ఈ రెండే అని తేటగా కనిపించినాకే కత్తెర పెట్టడం అన్నమాట. 1995లో స్ట్రాస్‌బర్గ్ అనే అమెరికా సర్జన్ పెట్టిన పేరు. కనపడకపోతే పొట్ట కోసి ఓపెన్ చేస్తారా, దానికి ప్యాకేజీ మీద ఎంత పడుతుంది, ఇదీ అడగండి. ఓపెన్‌కు మారడం డాక్టరుకు చేతకానితనం కాదు.

ఆపరేషన్ తర్వాత రెండో రోజుకూ నొప్పి తగ్గకపోయినా, జ్వరం, ఉబ్బరం, పచ్చదనం కనిపించినా ఫోన్లతో సరిపెట్టుకోవద్దు. లివర్ టెస్టు, స్కాన్ చేయమని పట్టుబట్టండి. నాళం తెగిందని తేలితే, ఇట్లాంటివి తరచూ కుట్టే గ్యాస్ట్రో సర్జన్‌నే వెతుక్కోండి. తిరుపతి స్విమ్స్ ఆస్పత్రిలో ఆ విభాగం ఉంది, మా చిత్తూరోళ్లకు వేలూరు సీఎంసీ ఆస్పత్రీ దగ్గరే. ఆపరేషన్ నోట్స్ కాపీ వెంట తీసుకుపోండి. మాకిచ్చింది రెండు లైన్ల కాగితం.

అక్క ఇప్పుడు తిరుగుతా ఉంది. చలిజ్వరం వస్తే మాత్రం మాత్రలేసుకొని పడుకోకుండా అదే రోజు రమ్మన్నారు, కుట్టిన చోట నాళం సన్నబడే ప్రమాదం ఏళ్ల తర్వాత కూడా ఉంటుందంట.