ఇంటికి వచ్చే పాలియేటివ్ కేర్: పది నెలలు వాడిన తర్వాత

ఊపిరితిత్తుల క్యాన్సర్ నాలుగో దశలో ఉండగా, 78 ఏళ్ల మా నాన్నగారి కోసం ఇంటికి వచ్చి చూసే పాలియేటివ్ కేర్ (నొప్పి, ఆయాసం వంటి బాధలను తగ్గించే సంరక్షణ) సేవలో చేరి, ఆయన పోయేవరకు, అంటే పది నెలలు, దానిని వాడాము. వైద్యం మానేసినవారే ఇందులో చేరతారని నేనూ అనుకున్నాను. కానీ మొదటి ఐదు నెలలు కీమోథెరపీ కూడా దీనితో పాటే సాగింది. ఇదే జబ్బు ముదిరిన 151 మందిపై జరిపి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, తొలినాళ్లనుంచే ఈ సంరక్షణ పొందినవారికి చివరి రోజుల్లో తీవ్రమైన చికిత్సలు తగ్గాయని, అయినా వారే కొంత ఎక్కువ కాలం బతికారని డాక్టరుగారు చెప్పిన తర్వాతే అమ్మ ఒప్పుకున్నది.

నొప్పి విషయంలో ఈ సేవకు వంక పెట్టలేను. నాన్నగారు మూలిగినప్పుడే మాత్ర వేసే మాకు, మార్ఫిన్‌ను నాలుగు గంటలకొకసారి గడియారం చూసి ఇవ్వాలని, మధ్యలో నొప్పి పొడుచుకొస్తే అదనపు మోతాదు వేయాలని నర్సు నేర్పింది. మార్ఫిన్ వల్ల వచ్చే మత్తు కొన్నాళ్లకు తగ్గుతుంది గాని మలబద్ధకం తగ్గదు కనుక, విరేచనం సాఫీగా అయ్యే మందు తొలిరోజే మొదలుపెట్టించింది.

అంతకంటే విలువైనది ఒక ప్రశ్న. ఆయాసం ముదిరితే ఏం చేయమంటారని డాక్టరుగారు నేరుగా నాన్నగారినే అడిగారు. అప్పటిదాకా ఆ జవాబులన్నీ పిల్లలమైన మేమే చెబుతూ వచ్చాము. వెంటిలేటర్ వద్దని, న్యుమోనియా వంటిదైతే మాత్రం యాంటీబయాటిక్ ఇప్పించమని ఆయన తడుముకోకుండా చెప్పారు. అన్నీ చేయడం, ఏమీ చేయకపోవడం అనే రెండు దారులే ఉన్నాయనుకుని అన్నాళ్లూ మేము వాదులాడుకున్నాము.

లోపం రాత్రివేళ ఫోనులో ఉన్నది. ఎనిమిదో నెలలో ఒక రాత్రి ఆయాసం వస్తే నలభై నిమిషాలు ఎవరూ ఎత్తలేదు. కంగారులో ఆసుపత్రికి పరుగెత్తాము. ఆయన కోరిక రాసిన కాగితం ఇంట్లోనే మరిచాము, ఆ తప్పు మాది. ఐసీయూలో నాలుగు రోజులు మాస్కు బిగించి, లాగేసుకోకుండా చేతులు కట్టారు. ఇంటికి తెచ్చిన తర్వాత, ఆయాసానికి ఎంత మార్ఫిన్ ఇవ్వాలో, ముఖానికి ఫ్యాన్ గాలి ఎలా తగలనివ్వాలో నర్సు రాసి మంచం పక్కన అంటించింది. చివరి రాత్రి మాకు ఆ కాగితమే సరిపోయింది. చేరబోయేవారు రాత్రి రెండు గంటలకు ఫోను ఎవరు ఎత్తుతారో ముందే అడిగి, ఆయాసానికి ఏం చేయాలో చెప్పే ఆ కాగితం మొదటి వారంలోనే నర్సుతో రాయించుకోవాలి.