ఏడేళ్లుగా కాగితపు కోన్ ముందు

మా మిక్సింగ్ గది చెన్నై సాలిగ్రామంలో, ఒక పాత ఇంటి మొదటి అంతస్తులో ఉంది. పద్నాలుగడుగుల పొడవు, పదకొండడుగుల వెడల్పు. ఎక్కువగా తెలుగు భక్తి పాటలు, సీరియళ్ల డబ్బింగ్ చేస్తాం. అప్పుడప్పుడు చిన్న సినిమాల ఫైనల్ మిక్స్ కూడా వస్తుంది. 2018 జూన్‌లో కొన్న ఒకే జత మానిటర్ల (మిక్సింగ్‌కి వాడే స్పీకర్ల) మీద ఇప్పటిదాకా పని చేస్తున్నాను. కింది, మధ్య స్వరాలకు ఆరున్నర అంగుళాల వూఫర్, అందులో ముందుకూ వెనక్కూ కదిలి శబ్దం పుట్టించే, కాగితపు గుజ్జుతో అచ్చుపోసిన కోన్, పై స్వరాలకు అంగుళం పట్టు ట్వీటర్, శబ్దాన్ని ఈ రెంటికీ పంచే క్రాసోవర్ 2.2 కిలోహెర్ట్జ్ దగ్గర. అంతకుముందు నాలుగేళ్లు ఇదే గదిలో, ఇవే స్టాండ్ల మీద అల్యూమినియం కోన్ ఉన్న జత ఉండేది. అందుకే రెంటినీ పక్కపక్కన పెట్టి మాట్లాడగలను. కంపెనీల పేర్లు రాయడం లేదు. నా చేతికి వచ్చింది ఒక్కో జతే, దాని మంచిచెడ్డలు మొత్తం కంపెనీకి అంటగట్టడం న్యాయం కాదు. పైగా నేను రాయాలనుకున్నది కోన్ గురించే.

మానిటర్లు మార్చడానికి కారణం ఒక్క అక్షరం. 2017లో వేంకటేశ్వరస్వామి పాటల ఆల్బం ఒకటి మిక్స్ చేసి పంపాను. పాటలు రాసిన పెద్దాయన తిరుపతి నుంచి ఫోన్ చేశారు. "బాబూ, అమ్మాయి 'శ్రీ' అన్నచోటల్లా నాకు 'స్రీ' అని వినపడుతోంది. పాడటంలో దోషమా, మీ దగ్గర జరిగిందా?" అన్నారు.

రికార్డు చేసిన ట్రాక్ తీసి హెడ్‌ఫోన్లలో విన్నాను. ఆ అమ్మాయి శుభ్రంగా 'శ' అనే పాడింది. తప్పు నాదే. ఆ అల్యూమినియం జత మీద ఆడగొంతులు పైస్థాయికి వెళ్తే గరుగ్గా వినిపించేవి. అందుకని నేను ప్రతి పాటలోనూ 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య తగ్గిస్తూ వచ్చాను. 'శ' బలం మొదలయ్యేది అక్కడే. 'స' బలం అంతకంటే పైన, 5 కిలోహెర్ట్జ్ దాటాక ఉంటుంది. కింది భాగం కోసేస్తే 'శ' కాస్తా 'స' లాగా మిగులుతుంది. సకలం అంటే సర్వం, శకలం అంటే ముక్క. మన భాషలో ఆ తేడా పోతే పాటే పోయినట్టు.

స్నేహితుడి దగ్గర మెజర్‌మెంట్ మైక్ అడిగి తెచ్చి స్వీప్ తీశాను, అంటే కింది నుంచి పైదాకా అన్ని ఫ్రీక్వెన్సీలూ వరసగా వాయించి కొలిచాను. మామూలు గ్రాఫ్‌లో గీత చదునుగానే ఉంది, ఏ తప్పూ కనిపించలేదు. డిస్టార్షన్ గ్రాఫ్ (పాటలో లేకుండా స్పీకర్ తానే చేర్చేదాన్ని చూపేది) తీస్తే మాత్రం 2.1 కిలోహెర్ట్జ్ దగ్గర మూడో హార్మోనిక్, అంటే ఆ స్వరానికి మూడు రెట్ల ఎత్తులో పుట్టే ధ్వని, గుట్టలా లేచింది. తర్వాత వూఫర్‌ని విప్పి, క్రాసోవర్ లేకుండా నేరుగా ఆంప్‌కి కలిపి చూశాను. 6.3 కిలోహెర్ట్జ్ దగ్గర కోన్ తానే గంటలా మోగుతోంది. 2.1ని మూడుతో హెచ్చిస్తే వచ్చేది అదే.

ఇక్కడే ఉంది అసలు విషయం. స్పీకర్ తయారు చేసినవాళ్లకు ఆ 6.3 సంగతి తెలుసు. అందుకే క్రాసోవర్‌లో అక్కడ సిగ్నల్‌ని బాగా కోశారు. కానీ డిస్టార్షన్ పుట్టేది క్రాసోవర్ దాటాక, అయస్కాంతం మధ్య వాయిస్ కాయిల్ (కోన్‌ని తోసే తీగచుట్ట) కదిలేటప్పుడు. పాటలో 2.1 కిలోహెర్ట్జ్ స్వరం రాగానే కాయిల్ దగ్గర పుట్టిన కాస్త మూడో హార్మోనిక్‌ని కోన్ అందుకుని పెద్దది చేస్తుంది. దాన్ని ఏ ఫిల్టరూ ఆపలేదు. నేను గొంతులో ఉందనుకుని తగ్గించిన గరుకు, గొంతులో లేదు. కోన్‌లో ఉంది.

కోన్ నుంచి మనం కోరేది ఒక్కటే. వాయిస్ కాయిల్ ఎలా కదిలితే కోన్ మొత్తం ఒకే ముక్కలా అలాగే కదలాలి. కొంత ఫ్రీక్వెన్సీ దాకా అలాగే కదులుతుంది. ఆ పైన, కాయిల్ తోసిన తోపు అంచుకు చేరేలోగా కాయిల్ వెనక్కి తిరిగిపోతుంది, అంచు ఇంకా ముందుకే పోతుంటుంది. దీన్ని బ్రేకప్ అంటారు. ఇది ఎంత పైన మొదలవుతుందన్నది పదార్థం బిగువు, బరువు, కోన్ ఆకారం తేలుస్తాయి. అల్యూమినియంలోనూ టైటానియంలోనూ ధ్వని సెకనుకు సుమారు 5,000 మీటర్లు పోతుంది. బెరీలియంలో 12,000 పైనే. కాగితం వీటికి చాలా కింద ఉంటుంది.

అంకెలు చూస్తే లోహమే మేలనిపిస్తుంది. నేనూ 2014లో అలాగే అనుకుని కొన్నాను. అప్పుడు నాకు తెలియనిది డ్యాంపింగ్ సంగతి, అంటే తనలో పుట్టిన వణుకుని ఆ పదార్థమే మింగేయడం. స్టీలు పళ్లెం చేజారితే వంటిల్లంతా ఎంతసేపు మోగుతుందో, అట్టముక్క పడితే ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. లోహపు కోన్ బ్రేకప్ ఆలస్యంగా వస్తుంది, కానీ వచ్చినప్పుడు నిటారుగా, పదునుగా వస్తుంది. కాగితానిది ముందే మొదలవుతుంది, కానీ ఎక్కడా పెద్ద గుట్ట కట్టకుండా నలిగి ఆరిపోతుంది. బిగువు, తేలిక, డ్యాంపింగ్ మూడూ నిండుగా ఉన్న పదార్థం ఏదీ లేదు. కోన్ డిజైన్ అంతా ఈ మూడింటి మధ్య బేరమే.

కాగితం మెత్తనిది కదా, బిగువెక్కడిది అని మా అసిస్టెంట్ కుర్రాడు అడిగాడు. సాయంత్రం మెరీనాకి వెళ్లినప్పుడు వేరుశెనగ పొట్లం చూపించాను. చదునుగా ఉన్నప్పుడు నిలబడలేని కాగితం, చుట్టి పొట్లం చేస్తే పావుశేరు గింజలు మోస్తుంది. ఆకారమే సగం బిగువు. దానికి తోడు మందం. వంగకుండా నిలిచే శక్తి మందం ఘనంతో పెరుగుతుంది, అంటే మందం రెట్టింపైతే బిగువు ఎనిమిది రెట్లు. బరువు పెరగకుండా మందం పెంచడానికే కొందరు రెండు పలచని పొరల మధ్య నురగ పెట్టి కోన్లు చేస్తారు.

కాగితం మీద నా నమ్మకానికి పాత కారణం ఒకటుంది. 2003లో వడపళనిలో అసిస్టెంట్‌గా చేరినప్పుడు కన్సోల్ మీద యమహా ఎన్‌ఎస్-10 తెల్ల కోన్లు ఉండేవి. 1978లో ఇళ్లలో పాటలు వినడానికని వచ్చిన స్పీకర్ అది. తర్వాత స్టూడియోలే దాన్ని సొంతం చేసుకున్నాయి. దాని కోన్ అచ్చులో పోసింది కాదు. చదును కాగితాన్ని చుట్టి, అంచులు జిగురుతో అతికినది. దగ్గరగా చూస్తే ఆ అతుకు కనిపిస్తుంది. బాక్స్ పూర్తిగా మూసి ఉంటుంది కాబట్టి బేస్ తక్కువే, కానీ వచ్చిన బేస్ టక్కున ఆగుతుంది. 2001లో యమహా దాని తయారీ ఆపేసింది. ఆ కోన్‌కి కావలసిన గుజ్జు ఇక దొరకదని కారణం చెప్పింది. 2008లో ఆ స్పీకర్‌కి టెక్నికల్ గ్రామీ వచ్చింది. ఒక కాగితపు గుజ్జు దొరక్కపోతే ప్రపంచమంతా వాడే మానిటర్ ఆగిపోయిందంటే, ఆ కాగితం మామూలుది కాదని అర్థం.

ఇక నా జత సంగతి. కొనేముందు దుకాణంలో నేను వాడిన పరీక్ష మృదంగం. కుడి మూత మధ్యలో కరణి అనే నల్లటి పూత ఎందుకు వేస్తారో సర్ సి.వి. రామన్, ఎస్. కుమార్‌తో కలిసి 1920లో నేచర్ పత్రికలో వివరించారు. ఉత్త తోలు మూత అయితే దాని కంపనాలకు ఒకదానితో ఒకటి పొంతన ఉండదు. కరణి బరువు వల్ల అవి హార్మోనిక్ వరుసలోకి వస్తాయి, అందుకే మృదంగానికి శ్రుతి ఉంటుంది. అక్కడ మూత కంపించే తీరే సంగీతం. స్పీకర్ కోన్‌కి మాత్రం సొంత గొంతు ఉండకూడదు. కాబట్టి వేర్వేరు శ్రుతుల్లో ఉన్న రెండు మూడు మృదంగాల రికార్డింగులు తీసుకెళ్లి ఒకదాని తర్వాత ఒకటి వినాలి. ఏ మృదంగం మీద 'నం' అనే దెబ్బ వాయించినా ఒకే చోట ఒకే మెరుపు వినిపిస్తే, ఆ మెరుపు స్పీకర్‌ది. పాత అల్యూమినియం జతలో అదే జరిగేది. ఈ కాగితపు జతలో ప్రతి మృదంగం వేరుగా, తన తోలు వాసనతో సహా వచ్చినట్టు వినిపించింది. ఆ రోజే లక్షా పది వేలు కట్టి తెచ్చుకున్నాను.

ఏడేళ్లలో గొంతుల విషయంలో ఇది నన్ను మోసం చేయలేదు. డీ-ఎస్సర్ ('స', 'శ'ల బుస తగ్గించే సాధనం) వాడకం సగానికి తగ్గింది. డబ్బింగ్‌లో 'చ' అని పలికారా, 'ౘ' అని పళ్ల దగ్గర 'త్స' లాగా పలికారా అన్నది మొదటి టేక్‌లోనే తెలుస్తుంది. ఎనిమిది గంటలు కూర్చున్నా చెవి అలిసిపోదు, ఇది నాకు చాలా పెద్ద విషయం.

లోపాలు ఉన్నాయి. బేస్ 45 హెర్ట్జ్ కింద నమ్మను. ఫ్రీక్వెన్సీ సగానికి దిగితే అదే శబ్దానికి కోన్ నాలుగు రెట్లు దూరం కదలాలి, ఆరున్నర అంగుళాల కోన్‌తో అది అయ్యే పని కాదు. దర్శకులు వచ్చి "ఇంకా పెంచండి" అన్నప్పుడు కూడా ఇది ఇబ్బంది పడుతుంది. ఒక స్థాయి దాటాక డ్రమ్స్ ముద్దగా అయిపోతాయి. అల్యూమినియం జత ఆ విషయంలో గట్టిది, ఎంత పెంచినా నిబ్బరంగా ఉండేది. ఇంకొకటి, కూర్చున్న చోటు నుంచి రెండడుగులు పక్కకి జరిగితే 2 కిలోహెర్ట్జ్ ప్రాంతం పలచబడుతుంది. ఈ సైజు కోన్ ఏ పదార్థంతో చేసినా ఆ ఎత్తులో శబ్దాన్ని ముందుకే పంపుతుంది, పక్కలకి తగ్గుతుంది. అందుకే క్లయింటుని నా కుర్చీలో కూర్చోబెట్టి వినిపిస్తాను.

చెన్నైలో కాగితపు కోన్ అంటే అందరూ అడిగేది తేమ గురించి. తడి పీలిస్తే కాగితం బరువెక్కుతుంది, బిగువు తగ్గుతుంది, ఇది నిజం. నేను ప్రతి మేలోనూ, ప్రతి నవంబరులోనూ ఒకే చోట మైక్ పెట్టి స్వీప్ తీస్తాను. నా కోన్ ముందువైపు పలచని పూత ఉంది, దానివల్ల కావచ్చు, ఏడేళ్లలో రెండు కాలాల గీతల మధ్య చెవికి తెలిసేంత తేడా రాలేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానప్పుడు మాత్రం భయపడ్డాను. నీళ్లు పైకి రాలేదు కానీ రోజుల తరబడి కరెంటు లేదు, గది మూసి ఉంది. తెరిచి వూఫర్ విప్పితే, పూత లేని వెనకవైపు కాగితం మీద తెల్లటి బూజు చుక్కలు. మెత్తటి పొడి బ్రష్‌తో నెమ్మదిగా దులిపి, ఏసీ డ్రై మోడ్‌లో పెట్టి రెండు రోజులు వదిలేశాను. మచ్చలు మిగిలాయి, శబ్దం చెడలేదు. అదే గదిలో ఉన్న పాత సబ్ ఊఫర్‌కి (బేస్ కోసం విడిగా పెట్టే స్పీకర్) ఫోమ్ సరౌండ్, అంటే కోన్ చుట్టూ ఉండే మెత్తని అంచు, ఉండేది, అది తొమ్మిదో ఏడే పొడిపొడిగా రాలిపోయింది. కాబట్టి సముద్రం పక్కన ఉండేవాళ్లు కోన్ కంటే ముందు సరౌండ్ చూడండి. రబ్బరుదైతేనే కొనండి.

ఆ తుపాను తర్వాత రెండు నెలలకి ఎడమ వూఫర్‌లో గీసుకుంటున్న చప్పుడు మొదలైంది. వాయిస్ కాయిల్ పక్కకి జరిగి రాసుకుంటోంది. కంపెనీ వాళ్లని అడిగితే ఆ మోడల్ కోన్ ఇప్పుడు రావడం లేదన్నారు. చాలా టెన్షన్ పడ్డాను. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో తెలిసినవాళ్లు ఒక రీకోనింగ్ (పాత స్పీకర్‌కి కొత్త కోన్ వేసే) పెద్దాయన దగ్గరికి పంపారు. చిత్తూరు వైపు మనిషి, నలభై ఏళ్లుగా ఇదే పని. పాత కోన్‌ని చెవి దగ్గర పెట్టుకుని గోటితో మెల్లగా తట్టారు. తర్వాత తన దగ్గరున్న ఏడెనిమిది రకాల కోన్లు ఒక్కొక్కటీ అలాగే తట్టి చూశారు.

"కుండ కొనేటప్పుడు ఖంగుమంటే తీసుకుంటాం గదా నాయనా. ఇది దానికి తల్లకిందులు. తట్టితే తప్పుమని చావాల" అన్నారు.

చివరికి ఒకటి ఎంచి, "ఇది నీ దానికి దగ్గర. కానీ ఒక పక్కకే వేస్తే రెండు చెవులకీ రెండు గొంతులు వినపడతాయి. రెండూ మార్చాల్సిందే" అన్నారు. నేను ఒప్పుకోలేదు, ముందు ఎడమది ఒక్కటే వేయించుకున్నాను. ఇంటికొచ్చి గొంతు సోలో పెడితే మధ్యలో ఉండాల్సిన పాట కొన్ని స్వరాల దగ్గర కుడికి జరిగినట్టు అనిపించింది. స్వీప్ తీస్తే 1.5 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య రెండు పక్కలకీ ఒకటిన్నర డెసిబెల్ దాకా తేడా. ఆయన చెవి నా మైక్ కంటే ముందే చెప్పింది. వారం తర్వాత కుడిది కూడా ఇచ్చాను. ఒక్కోదానికి 3,800 తీసుకున్నారు. ఇప్పుడు రెండు పక్కలూ అర డెసిబెల్ లోపు కలుస్తున్నాయి. ఒరిజినల్ కోన్ కంటే గొంతు రవ్వంత ముందుకొచ్చిందని అనిపిస్తుంది, ఆ మేరకు నా చెవిని సర్దుకున్నాను.

రీకోనింగ్ జరిగిన రోజుల్లో ఒక మిత్రుడి స్టూడియోలో అల్లిక కోన్ల మీద పని చేశాను. పసుపుపచ్చగా, బట్టలా అల్లిన అరామిడ్ అనే గట్టి కృత్రిమ నార. అల్లిక వల్ల కంపనం అన్ని దిక్కులా ఒకేలా పోదు కాబట్టి ఒకేచోట గుట్ట కట్టదు. నాదస్వరం దాని మీద చాలా అందంగా వినిపించింది. అందంగా వినిపించడమే నాకు అనుమానం తెచ్చింది, ఇంటికి తెచ్చి నా జత మీద వింటే అదే రికార్డింగులో నాదస్వరం పీక చేసే గరుకు చప్పుడు ఎక్కువగా ఉంది. మూడు వారాల పరిచయంతో ఇంతకంటే చెప్పను.

ట్వీటర్ గురించి ఒకే మాట. లోహపు డోమ్‌ల (ట్వీటర్‌లో కోన్ బదులు ఉండే చిన్న గుండ్రని మూతల) బ్రేకప్ సాధారణంగా 20 కిలోహెర్ట్జ్ పైన ఉంటుంది, కాబట్టి వూఫర్‌లో లోహం మీద నాకున్న అభ్యంతరం అక్కడ లేదు. బెరీలియం డోమ్ ఉన్నవి కొనేవాళ్లు పిల్లలున్న చోట గ్రిల్ తీయకండి. పగిలితే ఆ పొడి ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం.

భక్తి పాటలు, డబ్బింగ్, కర్ణాటక సంగీతం, అంటే గొంతు ముందుండే పని చేసేవాళ్లకి, చిన్న గదిలో కూర్చునేవాళ్లకి నేను కాగితపు కోన్ ధైర్యంగా చెప్తాను. రోజంతా గట్టి బీట్ పెంచి వినాల్సినవాళ్లు సబ్ జోడించాలి, లేదా పెద్ద వూఫర్ చూసుకోవాలి.

కిందటి నెల మళ్లీ రిచీ స్ట్రీట్ వెళ్లి, అదే లాట్‌లో మిగిలిన రెండు కోన్లు పెద్దాయన చేత తట్టించి కొనుక్కొచ్చాను. సిలికా జెల్ పొట్లాలతో కలిపి గాలి చొరకుండా కట్టి, బీరువాలో పట్టుచీరల అరలో పెట్టించింది మా ఆవిడ.